ఏడవని బిడ్డ

చింతపల్లి దాటి కొండల్లోకి పోతే, మూతపడిన కాఫీ గోదాము పక్కన, గెడ్డవాగు ఒడ్డున ఒక వరస ఇళ్లు ఉండేవి. ఆ ఇళ్లలో ఉండే పదకొండు మందిలో ఒక్కరూ ఊపిరి తీసుకునేవాళ్లు కారు.

బతికే ఉండేవాళ్లు. తినేవాళ్లు, నవ్వేవాళ్లు, అలిగేవాళ్లు, పేకాడుకునేవాళ్లు. గుండె కొట్టుకునేది, కాకపోతే బాగా నిదానంగా. ఛాతీ మాత్రం కదిలేది కాదు. కొత్తగా చేరిన వంటమనిషెవరైనా మధ్యాహ్నం వాళ్లు కునుకు తీసేవేళ ఆ గదుల ముందు నుంచి ఒకసారి నడిస్తే చాలు, మర్నాడు పని మానేసి కొండ దిగిపోయేది. గురక లేదు, నిట్టూర్పు లేదు, దగ్గు లేదు. చిల్లులు పెట్టిన గొట్టాల్లోంచి గోనెపట్టాల మీద పడే నీటిచుక్కల చప్పుడు తప్ప ఆ వరసలో ఇంకేమీ వినిపించేది కాదు.

వాళ్లందరూ ప్రకాశం జిల్లా పడమటి దిక్కున పలకల గనుల్లో పనిచేసినవాళ్లు. రాతిపొడి ఊపిరితిత్తుల్లో పేరుకుపోయి, నాలుగడుగులు వేస్తే గోడ పట్టుకోవలసిన స్థితికి వచ్చినవాళ్లు. ఇంటికి తీసుకుపొమ్మని పెద్దాస్పత్రుల్లో చెప్పేశాక, ఇక్కడ ప్రయోగశాల పెట్టిన హైదరాబాదు సంస్థవాళ్లు తీసుకొచ్చారు. చికిత్స కనిపెట్టింది డాక్టర్ కాత్యాయని.

ఆమె గదిలో గాజుతొట్లు ఉండేవి. వాటిలో చల్లటి నీళ్లు ఎప్పుడూ పారుతూ ఉండేవి. నీళ్లలో రాళ్లు, రాళ్ల కింద వేలెడంత జంతువులు. సాలమాండర్లు. చూడ్డానికి బల్లుల్లా ఉంటాయి గానీ కప్పలకు చుట్టాలు. సముద్రాల అవతల చలికొండల వాగుల్లో పుట్టిన జాతి. వాటికి ఊపిరితిత్తులు లేవు. ఉరవడిగా పారే వాగులో, ఒంట్లో గాలితిత్తులున్న ప్రాణి బెండులా తేలి కొట్టుకుపోతుంది. అందుకే వాటి పూర్వీకులు ఏ కాలంలోనో ఆ తిత్తుల్ని వదులుకుని, రాయిని కరుచుకుని, తడిచర్మంతోనే గాలి పీల్చుకోవడం నేర్చుకున్నాయని కాత్యాయని నమ్మకం. ఆ చర్మం గుట్టును ఆమె ఒక వైరస్‌కు ఎక్కించి మనిషి ఒంట్లోకి పంపింది. కొన్ని వారాల్లో చర్మం పల్చబడి, నిగనిగలాడి, దాని కింద రక్తనాళాలు వలలా అల్లుకున్నాయి. ఒళ్లు తడిగా, చల్లగా ఉన్నంతసేపూ మనిషికి గాలి అందుతుంది. ఇక పని లేదని తెలిసిన ఊపిరితిత్తులు మెల్లగా ముడుచుకుపోతాయి.

వాటితోపాటు మాట కూడా పోతుంది. గొంతులోంచి గాలి పోనిదే మాట పుట్టదు. ఆ సంగతి ఆమె ఎవరి దగ్గరా దాచలేదు.

"మాట పోద్దంటున్నావు," అంది ఓబులమ్మ, చికిత్సకు ముందు. ఒక్కో మాటకీ మధ్య ఆగి ఆగి ఊపిరి లాక్కుంటోంది. "మాట్టాడేదానికి ఊపిరుండాల గదమ్మా. ఇప్పుడు మాత్రం యాడుండాది? కానియ్యి."

ఆ వారమే ఆమె భర్త కొండయ్య అదే జబ్బుతో పోయాడు. అప్పటికే ఆమె కడుపులో రెండో నెల బిడ్డ ఉందన్న సంగతి ఆమెకూ తెలీదు, కాత్యాయనికీ తెలీదు.

నెలలు గడిచేకొద్దీ ఎవరూ అనుకోని మార్పు ఒకటి బయటపడింది. చికిత్స అయినవాళ్ల ముక్కుపుటాల నుంచి పైపెదవి దాకా రెండు సన్నటి గాడులు పడ్డాయి. సాలమాండర్లకూ అవే ఉంటాయి. అవి పెదవిని రాతికి తాకిస్తాయి. రాతిమీది తడి ఆ గాడుల్లోంచి ముక్కులోకి ఎక్కి వాసన తెలుస్తుంది. ఇక్కడ ఈ మనుషులు కూడా అలాగే మొదలుపెట్టారు. అన్నం ముద్దకు, గోడకు, పక్కవాళ్ల మణికట్టుకు పెదవి ఆనించేవాళ్లు. ఎవరికి జ్వరం రాబోతోందో, ఎవరు భయపడుతున్నారో, ఎవరు లేనిపోని ధైర్యం చెబుతున్నారో వాళ్లకు ఒంటిమీదే తెలిసిపోయేది.

ఓబులమ్మకు ఆడపిల్ల పుట్టింది. ఏడవలేదు. పిల్లల డాక్టరు అరికాళ్లు తట్టాడు. మెత్తటి గుడ్డతో ఒళ్లంతా పొడిగా తుడిచాడు. వేడిదీపం కింద పడుకోబెట్టి, ముక్కు మీద మాస్కు పెట్టి గాలి కొట్టాడు. నీలంగా ఉన్న ఒళ్లు ఇంకా నల్లబడింది. చెవులకు స్టెతస్కోపు పెట్టుకుని విని, తల అడ్డంగా ఊపాడు. గుడ్డలో చుట్టిన బిడ్డను ఓబులమ్మ మంచం దిగివచ్చి లాక్కుంది. పైపెదవిని దాని నుదుటికీ చెంపకూ పొట్టకూ ఆనిస్తూ ఎంతకీ వదల్లేదు. నోరు బార్లా తెరిచింది. అందులోంచి ఏ చప్పుడూ రాలేదు. దుఃఖంతో మతి చలించిందనుకున్నారు. కాత్యాయనే స్వయంగా మత్తు ఇంజక్షన్ చేసింది. ఆమె మళ్లీ కళ్లు తెరిచేసరికి, ఇళ్ల వెనక వాలులో బిడ్డను పూడ్చిపెట్టడం కూడా అయిపోయింది.

మందు పిండానికి పడలేదు, అందుకే పోయింది, అన్నారు. చికిత్స తర్వాత కడుపొస్తే భయం లేదన్నారు.

ఏడాది దాటాక కాశింబీకి కడుపొచ్చింది.

ఆ వరసలో అందరికన్నా చిన్నది కాశింబీ. ఆమె భర్త మౌలాలికి ఏ జబ్బూ లేదు. పెళ్లాన్ని వదిలి ఉండలేక ఆమె వెంటే కొండెక్కి, గేటు దగ్గర టీ బంకు పెట్టుకున్నాడు. ఆమెను ముట్టుకోబోయే ముందు బకెట్లో చేతులు ముంచుకోవడం అతనికి అలవాటైపోయింది. పొడిచెయ్యి తగిలితే ఆమెకు ఒళ్లు మండుతుంది. ఇద్దరి మాటలూ అతనే మాట్లాడేవాడు. ఆమె చాక్‌పీసుతో పలక మీద రెండు ముక్కలు రాస్తే, దానికి ఇతను పదిరెట్లు జవాబు చెప్పేవాడు. ఊపిరి తీసేసిన పలకే వాళ్లకు నోరైంది.

"మేడమ్, ఇది ఏం రాసిందో చూడు," అంటూ ఒకరోజు పలక పట్టుకుని కాత్యాయని గదికి వచ్చాడు.

'బిడ్డ మాట్లాడాల' అని ఉంది దాని మీద.

"నాకు తోడుగా మాట్టాడేవాళ్లు కావాలంట. నేనొక్కణ్ణే వాగి వాగి సస్తన్నానని దీనికి జాలి." నవ్వుతూనే, నేలచూపులు చూస్తూ అడిగాడు. "మాట్టాడుద్దా మేడమ్?"

"ఎందుకు మాట్లాడదు? స్కానింగ్‌లో ఊపిరితిత్తులు బాగానే కనపడుతున్నాయి," అంది కాత్యాయని. ఆ మాట అబద్ధం కాదు. కడుపులో ఉన్న ఏ బిడ్డకైనా వాటితో పని ఉండదని ఆ క్షణంలో ఆమెకు తోచలేదు.

నొప్పులు కార్తీకమాసంలో ఒక ఉదయం మొదలయ్యాయి. బయట మంచు దట్టంగా ఉంది. వరసలోని ఆడవాళ్లంతా తడిసిన గోనెపట్టాలు కప్పుకుని కాన్పు గది కిటికీ దగ్గర చేరారు. మౌలాలిని గుమ్మం బయటే కూర్చోబెట్టారు.

బిడ్డ సులువుగానే బయటపడింది. ఆడపిల్ల. ఏడవలేదు.

పిల్లల డాక్టరు తట్టాడు, తుడిచాడు, వేడిదీపం వెలిగించాడు. మాస్కు పెట్టి గాలి కొడుతుంటే చిన్న ఛాతీ పైకి లేచి, మళ్లీ అణిగిపోతోంది తప్ప తనంతట తాను కదలడం లేదు. పెదవులు నల్లబడ్డాయి.

"బాబోయ్, మల్లీ అదే అయిపోనాది డాక్టరమ్మగోరూ," అంటూ ఆయా సన్యాసమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

డాక్టరు స్టెతస్కోపు తీసి మెడలో వేసుకున్నాడు. "సారీ మేడమ్," అని బిడ్డను ఉన్నిగుడ్డలో చుట్టి పక్కన పెట్టాడు.

కాశింబీ చెయ్యి చాచింది. ఇవ్వకపోతే మంచం మీంచి దొర్లి పడేలా ఉంది. సన్యాసమ్మ మూటను ఆమె చేతుల్లో పెట్టింది. కాశింబీ గుడ్డ అంచు తొలగించి, పైపెదవిని బిడ్డ నుదుటికి ఆనించింది. చెంపకు ఆనించింది. పొట్టకు ఆనించింది. మళ్లీ నుదుటికి వచ్చింది. ఆమె నోరు తెరుచుకుంది. మెడనరాలు తేలాయి. గదిలో మాత్రం నిశ్శబ్దం.

"మేడమ్, ఈమెకు కొంచెం మత్తు ఇవ్వాలి," అన్నాడు డాక్టరు.

నర్సు సిరంజి అందించింది. కాత్యాయని దాన్ని పట్టుకుని మంచం దగ్గరికి నడిచింది. కాశింబీ భుజం పట్టుకోబోతూ, ఆ పెదవి వెళ్లే దారి చూసి ఆగిపోయింది. నుదురు, చెంప, పొట్ట. మళ్లీ నుదురు.

ఈ దారిని ఆమె తొట్లలో ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. సాలమాండర్ తల్లి రాతి అడుగున గుడ్లు పెట్టి, ద్రాక్షగుత్తిలా వేలాడే వాటి చుట్టూ ఒళ్లు చుట్టుకుని నెలల తరబడి అక్కడే ఉండిపోతుంది. తిండికి కూడా పెద్దగా కదలదు. గుడ్డు గుడ్డుకీ పెదవి తాకిస్తుంది. చచ్చిన గుడ్డు తగిలితే, బూజు మిగతావాటికి పాకకుండా దాన్ని మింగేస్తుంది. బతికున్నదాని దగ్గరికి మళ్లీ మళ్లీ వస్తుంది. చచ్చినదాని దగ్గరికి తల్లి రెండోసారి రాదు.

కాశింబీ పెదవి నాలుగోసారి బిడ్డ నుదుటికి వచ్చింది.

కాత్యాయని చేతిలోంచి సిరంజి జారి కింద పడింది. "గుడ్డ విప్పండి! ఆ దీపం ఆపండి! సన్యాసమ్మా, నీళ్లు, గెడ్డనీళ్లు, చల్లవి, తొందరగా!"

"చలికి పోతుంది మేడమ్!" అన్నాడు డాక్టరు అడ్డం వచ్చి.

"పోయిందనే కదా మీరిప్పుడు చెప్పింది!"

సన్యాసమ్మ పరుగున తెచ్చిన తొట్టిలో కాత్యాయని బిడ్డను దించింది. నీళ్లు మెడదాకా వచ్చాయి. దోసిలితో నెత్తిమీద పోసింది, మొహం మీద పోసింది. కాలి బొటనవేలి దగ్గర మొదట రంగు మారింది. నలుపు నీలమైంది, నీలం లేతగా, గులాబీగా మారుతూ పిక్కల మీదుగా పొట్టదాకా పాకింది. బిగుసుకున్న పిడికిలి నీళ్లలో మెల్లగా విచ్చుకుంది. తర్వాత కళ్లు తెరుచుకున్నాయి. పాప తన చుట్టూ వంగిన మొహాలను ఏ తొందరా లేకుండా చూసింది. ఛాతీ రాయిలా కదలకుండా ఉంది.

డాక్టరు మళ్లీ స్టెతస్కోపు ఆనించాడు. చాలాసేపు ఆనించే ఉంచాడు. "ఉంది," అన్నాడు చివరికి. "ఎంత నిదానంగానో! నేను... నేనింతసేపు ఎప్పుడూ వినలేదు."

గుమ్మం దగ్గర మౌలాలి నిలబడి ఉన్నాడు. "ఏడవలేదే మేడమ్?"

"ఏడవదు మౌలాలీ. బతికే ఉంది. చేతులు తడుపుకుని రా."

అతను నవ్వుతూనే ఏడ్చాడు. ఆ రోజు ఆ గదిలో వినిపించిన ఏడుపు అతనొక్కడిదే. బిడ్డను అందుకున్నాక కాశింబీ చాక్‌పీసు కోసం చూడలేదు. ఆమెకేసి చూసి మౌలాలే అన్నాడు: "మాట్టాడకపోతే మాయె. ఇద్దరికీ కలిపి నేనే మాట్టాడతా."

కాత్యాయని చేతులు తుడుచుకుంటూ కిటికీ వైపు తిరిగింది. బయట ఆడవాళ్లు ఒకరి చేతులు ఒకరు పట్టుకుని ఉన్నారు. వాళ్ల వెనక, మంచులో, ఒక్క ఓబులమ్మ మాత్రం ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. ఆమె బిడ్డను చూడటం లేదు. కాత్యాయనినే చూస్తోంది.

సాయంత్రానికి హైదరాబాదు నుంచి సంస్థ పెద్ద ఫోన్ చేశాడు. ఆయన గొంతు సంతోషంతో పట్టుతప్పుతోంది. "కంగ్రాట్యులేషన్స్ కాత్యాయనీ! ఊపిరితో పని లేకుండా పుట్టిన మొదటి మనిషి. మొట్టమొదటి బిడ్డ. రేపు పత్రికలవాళ్లను పంపిస్తున్నాను."

"రెండో బిడ్డ సార్," అంది కాత్యాయని.

ఫోన్ పెట్టేసింది.

మర్నాడు ఉదయం కాత్యాయని వెళ్లేసరికి ఓబులమ్మ కాశింబీ గదిలో ఉంది. "రా అక్కా, సూడు," అని మౌలాలి ముక్కాలిపీట జరిపాడు గానీ ఆమె కూర్చోలేదు. కాశింబీ తల ఎత్తలేదు, తప్పు చేసినదానిలా. ఓబులమ్మ బకెట్లో చేతులు ముంచింది. తొట్టి పక్కన మోకాళ్ల మీద కూలబడి, పాప నుదుటికి పైపెదవి ఆనించి అలాగే ఉండిపోయింది. పాప ఆమె ముక్కును పట్టుకుంది. ఓబులమ్మ ఆ వేళ్లను ఒక్కొక్కటిగా విడిపించుకుని లేచి, కాత్యాయని పక్కనుంచి నడిచి ప్రయోగశాలలోకి వెళ్లింది. ఆమె వెనకే కాత్యాయని.

తొట్లలో నీళ్ల చప్పుడు. ఓబులమ్మ నడుముకు దోపుకున్న పలక తీసి, మూడు అక్షరాలు రాసి చూపించింది.

'నా పాప?'

"అప్పుడు మాకు తెలీదు ఓబులమ్మా," అని మొదలుపెట్టింది కాత్యాయని. "మందు కడుపులో బిడ్డకు కూడా ఎక్కుతుందని ఎవరం అనుకోలేదు. వైద్యంలో పుట్టిన బిడ్డను మొదట పొడిగా తుడిచి వెచ్చగా..."

ఓబులమ్మ పలకను బల్లమీద కొట్టింది.

"అవును," అంది కాత్యాయని. "బతికే పుట్టింది. నీకు తెలిసింది. నువ్వు చెప్పావు. నేనే వినిపించుకోలేదు."

ఓబులమ్మ తడి అరచేత్తో పలక తుడిచింది. చాక్‌పీసు జారిపోతుంటే గట్టిగా అదిమి రాసింది.

'ఎంతసేపు ఉంది?'

రాసి, కాత్యాయని చెయ్యి అందుకుని, మణికట్టు మీద పైపెదవి ఆనించింది. చల్లగా తగిలింది. అలాగే ఆనించి, కళ్లు పైకెత్తి చూస్తూ జవాబు కోసం ఆగింది.

కాత్యాయని దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. వేడిదీపం కిందే పోయింది, నొప్పి తెలీకుండా పోయింది, గుడ్డలో చుట్టేసరికే ఏమీ లేదు. నిన్న మధ్యాహ్నం నుంచి ఆ వాక్యాలే తనకు తాను చెప్పుకుంటోంది. కానీ బిడ్డను పూడ్చింది శ్రావణమాసం ముసురులో. గుంట తవ్వుతుంటేనే నీరు ఊరిందని, లోపల పెట్టేసరికి గుడ్డంతా నానిపోయిందని సన్యాసమ్మ వచ్చి చెప్పింది. చల్లటి తడిమట్టి. ఎండిపోయిన చర్మం మళ్లీ మెత్తబడటానికి అంతకన్నా మంచి చోటు లేదు. పక్క గదిలో తడిమట్టి నింపిన డబ్బాల్లో ఆమె సాలమాండర్లను పెట్టి చూసింది. తిండి లేకుండా వారాల తరబడి బతికాయవి.

ఆమె మణికట్టు దగ్గర నాడి దడదడలాడింది. ఓబులమ్మ పెదవి కదల్లేదు.

"తెలీదు," అంది కాత్యాయని. "వెంటనే పోయిందని చెబుదామనుకున్నాను. అది నిజమో కాదో నాకు తెలీదు. మట్టి తడిగా ఉంది. చల్లగా ఉంది. చాలాసేపు ఉండి ఉండొచ్చు ఓబులమ్మా. కొన్ని రోజులు కూడా ఉండొచ్చు."

ఓబులమ్మ పెదవి తీసేసింది. చేతిని వదిలేసింది. కొట్టలేదు, జుట్టు పీక్కోలేదు. పలక నడుముకు దోపుకుని బయటికి నడిచింది.

కాత్యాయని బల్లకు ఆనుకుని నిలబడింది. కింద గేటు దగ్గర పత్రికలవాళ్ల కారు వచ్చి హారన్ కొట్టింది. ఆమె అటు వెళ్లలేదు. వెనక తలుపు తీసుకుని వాలు ఎక్కడం మొదలుపెట్టింది.

ఓబులమ్మ పైన, కాఫీ మొక్కల మధ్య బిడ్డను పూడ్చిన ఖాళీ జాగాలో బోర్లా పడుకుని ఉంది. మంచుకు తడిసిన నేలకు మొహం ఆనించి ఉంది. పెదవిని మట్టికి తాకించి, కొంచెం జరిగి, మళ్లీ తాకిస్తోంది. ఒకచోట ఆగి, కొంచెం అవతలికి పోయి, మళ్లీ అక్కడికే రావాలని చూసింది. రాలేకపోయింది. కాత్యాయని పక్కన కూర్చుంది. ఏం చెయ్యాలో తెలీక తను కూడా అరచేతులు మట్టి మీద పెట్టింది.

ఎండ పైకెక్కి మంచు పల్చబడుతోంది. ఓబులమ్మ చర్మం భుజాల దగ్గర ఆరి, తెల్లగా పొరలు కడుతోంది. కాత్యాయని తన చున్నీని పక్కనే పారే కాలువలో ముంచి తెచ్చి ఆమె మీద కప్పింది. ఓబులమ్మ వద్దనలేదు. చాలాసేపటికి లేచి కూర్చుని, మట్టి అంటిన వేళ్లతో పలక తీసింది.

'పేరు పెట్టలేదు' అని రాసింది. తుడిచి, మళ్లీ రాసింది. 'చెంచులక్ష్మి. మా ఆయన అనుకున్న పేరు. ఆడపిల్లయితే అదేనని ఎప్పుడో చెప్పినాడు.'

కాత్యాయని చదివి తలూపింది. ఓబులమ్మ తల అడ్డంగా ఊపింది. అది కాదు. చెయ్యి చాచి, కాత్యాయని గొంతును వేలితో తాకింది. తన గొంతును తాకి, అరచెయ్యి తిప్పి చూపింది. పలక మీద ఒకే మాట రాసింది.

'పిలువు.'

కాత్యాయని నోరు తెరిచింది. గాలి మాత్రమే బయటికి వచ్చింది. ఓబులమ్మ ఎదురుచూస్తోంది.

"చెంచులక్ష్మీ," అంది కాత్యాయని, గుసగుసగా.

ఓబులమ్మ చేత్తో సైగ చేసింది. గట్టిగా.

"చెంచులక్ష్మీ!"

వాలు కింద వరస ఇళ్ల తలుపులు ఒక్కొక్కటీ తెరుచుకున్నాయి. గోనెపట్టాలు కప్పుకున్న మనుషులు బయటికి వచ్చి పైకి చూస్తూ నిలబడ్డారు. వాళ్లలో ఎవరికీ పిలవడానికి గొంతు లేదు. ఓబులమ్మ తడి అరచేతిని కాత్యాయని మెడకు ఆనించింది. పిలిచిన ప్రతిసారీ ఆ అదురు ఆమె చేతికి తెలుస్తోంది. తెలిసిన ప్రతిసారీ ఆమె కళ్లు మూసుకుని నేలకేసి వంగుతోంది, ఎవరో బదులు పలుకుతారన్నట్టు. కాసేపటికి కాత్యాయని గొంతు బొంగురుపోయింది. ఓబులమ్మ చెయ్యి తీయలేదు.

కాత్యాయని మళ్లీ పిలిచింది.